రఫ్‌కి ఆపోజిట్ ఏంటి?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం, పోటీ పరీక్షలకి చదువుకుంటున్న పిల్లలు, కొందరు తల్లిదండ్రుల ముందు ఒక రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినిపిస్తోందా? వినపడకపోతే చెయ్యెత్తండి అందామనుకున్నాను గానీ, వినపడనివాళ్ళకి ఆ మాటా వినపడదు. సరే, ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, చాలు.

ముందు ఒక ఆట ఆడదాం. నేనొక ఇంగ్లీషు మాట అంటాను, మీరు ఆలోచించకుండా నోటికి ఏదొస్తే అది అనెయ్యండి. హాట్. (కోల్డ్!) బ్లాక్. (వైట్!) డార్క్. (లైట్! ఫెయిర్!) బాగుంది, ఆ ఫెయిర్ అన్నదెవరో గుర్తు పెట్టుకుంటాను, మళ్ళీ నీ దగ్గరికి వస్తాను. బాయ్. (గర్ల్!)

ఇప్పుడు చూడండి, నేను ఆపోజిట్ చెప్పమని అడిగానా? అడగలేదు. నోటికొచ్చింది అనమన్నాను, అంతే. అయినా మీ అందరి నోటికీ ఆపోజిట్టే వచ్చింది. ఇది మీ కోచింగ్ మహిమ అనుకోకండి. 1910లో అమెరికాలో కెంట్, రోజనాఫ్ అని ఇద్దరు ఇదే ఆట వెయ్యిమందితో ఆడారు, వంద మాటల జాబితా ఒకటి తయారుచేసుకుని. డార్క్ అనగానే ఎక్కువమంది అన్నది లైట్ అనే. అంటే మనిషి బుర్రలో ఈ జంట మాటలు ఎక్కడో ఆ చివరొకటి ఈ చివరొకటి ఉండవు, ఆనుకుని ఉంటాయి. ఒకదాన్ని తడితే రెండోది పలుకుతుంది.

నాకు ఇది ఎప్పుడర్థమైందంటే, ఈ ద్వారకానగర్ బోర్డులు చదువుతూ తిరిగినప్పుడు. ఇక్కడ ప్రతి షాపు బోర్డు మీదా ఆపోజిట్ అని ఉంటుంది. ఆపోజిట్ ఆర్టీసీ కాంప్లెక్స్. ఆపోజిట్ ఫలానా హోటల్. దానర్థం మీకు నేను చెప్పక్కర్లేదు, ఎదురుగా అని. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వ్యతిరేకం అని ఎవరూ అనుకోరు కదా! ఇప్పుడు మీరు ఎంవీపీ కాలనీలో ఉంటే, మీ ఎదురిల్లు ఎక్కడుంటుంది? గాజువాకలో ఉండదు. మీ వీధిలోనే ఉంటుంది. ఎదురిల్లు అనిపించుకోవాలంటే ముందు అదే వీధిలో ఉండాలి, ఆ తర్వాత అవతలి వరసలో ఉండాలి. నా మాట ఇవాళ మొత్తానికి ఇంతే. ఆపోజిట్ వెతకాలంటే ముందు వీధి వెతకండి. హాట్, కోల్డ్ రెండూ వేడి అనే వీధిలో ఉన్నాయి కాబట్టి ఎదురిళ్ళయ్యాయి. హాట్‌కి ఆపోజిట్ కుర్చీ అని ఎవరూ అనరు, ఎందుకంటే కుర్చీ ఆ వీధిలోనే లేదు, అసలు ఆ ఊళ్ళోనే లేదు.

మనం చేసే తప్పేంటంటే, గైడు తెరిచి ఎడంపక్క ఒక మాట, కుడిపక్క ఒక మాట, మధ్యలో ఒక ఇంటూ గుర్తు, అలా రోజుకి యాభై బట్టీ పట్టడం. పరీక్షలో బిట్టు వస్తుంది, మనం బట్టీ పట్టిన మాట నాలుగు ఆప్షన్లలో ఉండదు, అప్పుడు టెన్షన్. ఎందుకుండదు? ఎందుకంటే చాలా మాటలు వీధి మధ్యలో ఇళ్ళు కావు, మూల ఇళ్ళు. మూల ఇంటికి రెండు వీధులుంటాయి, రెండు ఎదురిళ్ళుంటాయి. కొన్నయితే నాలుగు రోడ్ల జంక్షన్లో ఉంటాయి.

ఉదాహరణకి, రఫ్. రఫ్‌కి ఆపోజిట్ చెప్పండి. (స్మూత్.) ఇంకా? (సాఫ్ట్.) ఊఁ, సాఫ్ట్‌కి హార్డ్ అని వేరే ఎదురిల్లుంది, అయినా కొంచెం దగ్గరగానే వచ్చావు. గరుకు కాగితం, గరుకు గోడ, అక్కడ రఫ్‌కి స్మూత్. మరి మన ఫిషింగ్ హార్బర్ దగ్గర బోటువాళ్ళు సముద్రం రఫ్‌గా ఉంది, వేటకి వెళ్ళట్లేదు అంటారు. ఆ రఫ్‌కి ఆపోజిట్? (కామ్!) అదీ. సముద్రం కామ్‌గా ఉంది. ఒక మనిషి రఫ్‌గా మాట్లాడతాడు, ఆ రఫ్‌కి జెంటిల్, లేదా పొలైట్. కాంట్రాక్టరు ఇంటి ఖర్చుకి రఫ్ ఎస్టిమేట్ ఇస్తాడు, ఆ రఫ్‌కి ఎగ్జాక్ట్. ఆ ఎగ్జాక్ట్ లెక్క మాత్రం ఇల్లు పూర్తయ్యాక మన అప్పులు కూడుకుంటే వస్తుంది, అది వేరే సంగతి. ఇంకొకటుంది, మీరందరూ బడిలో పదేళ్ళు వాడినది. రఫ్ నోట్స్... (ఫెయిర్ నోట్స్!) చూశారా! ఒక్క మాటకి ఎన్ని ఎదురిళ్ళు? స్మూత్, కామ్, జెంటిల్, ఎగ్జాక్ట్, ఫెయిర్. ఏ ఒక్కటీ తప్పు కాదు. గైడులో మాత్రం స్మూత్ అని ఒక్కటే ఉంటుంది.

ఇప్పుడు ఇందాకటి ఫెయిర్ అమ్మాయి దగ్గరికి వద్దాం. ఒక చిన్న తమాషా. రఫ్‌కి ఆపోజిట్ ఫెయిర్, నోట్స్ వీధిలో. ఫెయిర్‌కి ఆపోజిట్ డార్క్, ఒంటి రంగు వీధిలో. ఆ పెళ్ళి ప్రకటనల వీధి నాకు ఇష్టం లేదు గానీ, ఉంది మరి. డార్క్‌కి ఆపోజిట్ లైట్. లైట్‌కి ఆపోజిట్ హెవీ. ఎక్కడ బయల్దేరాం, ఎక్కడ తేలాం? లెక్కల్లో మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అవుతుంది కదా, అలాగైతే వ్యతిరేకానికి వ్యతిరేకం మళ్ళీ మొదటి మాటే కావాలి. రఫ్, డార్క్ ఒకటే కావాలి. కావు. ఎందుకంటే ప్రతి మాట దగ్గరా మనకి తెలీకుండానే వీధి మలుపు తిరిగేశాం.

ఈ సంగతి నేను కనిపెట్టింది కాదు. 1852లో లండన్‌లో పీటర్ మార్క్ రోజెట్ అనే డాక్టరుగారు, అప్పటికి ఆయనకి 73 ఏళ్ళు, ఇంగ్లీషు మాటలన్నిటినీ అర్థాల ప్రకారం వెయ్యి గుంపులు చేసి ఒక పుస్తకం వేశాడు. థెసారస్ అని మీరు వింటుంటారే, అది. అందులో ఎదురెదురు భావాలని పక్కపక్కన రెండు వరసల్లో పెట్టాడు, అచ్చం మన వీధిలాగే. ఆయనే ముందుమాటలో చెప్పాడు, ఓల్డ్ అనే మాటకి వస్తువుల విషయంలో న్యూ, మనుషుల విషయంలో యంగ్ ఎదురు నిలుస్తాయని. ఎదురెదురుగా ఉన్న రెండు భావాలకీ మధ్యలో మూడోది ఉండొచ్చని కూడా చెప్పాడు. ఆంటొనిమ్, అంటే ఆపోజిట్ మాట, ఆ పేరు ఆయన పుస్తకం నాటికి ఇంగ్లీషులో ఇంకా వాడుకలోకి రాలేదు, 1867లో సి.జె. స్మిత్ అనే చర్చి అధికారి వేసిన పుస్తకం పేరులో అది కనిపిస్తుంది. అంటే మీరు ఇంత భయపడే ఆ పేరు వయసు కూడా పెద్ద ఎక్కువేం కాదు.

మన టీ కొట్టుకి రండి. ఇక్కడ స్ట్రాంగ్ టీ కాకపోతే ఏం టీ? (లైట్ టీ.) లైట్‌గా కొట్టు తమ్ముడూ అంటాం. ఇంగ్లండులో ఆ స్ట్రాంగ్‌కి ఆపోజిట్ వీక్ అంటారు, వీక్ టీ. మన టీ కొట్టులో వీక్ టీ ఇవ్వమంటే ఇంటి దగ్గర ఒంట్లో బాలేదా సార్ అని అడుగుతాడు. వాతావరణం వాళ్ళ బులెటిన్‌లో మాత్రం స్ట్రాంగ్ విండ్స్‌కి ఎదురు లైట్ విండ్స్. అక్కడ ఇంగ్లీషువాడూ మన టీ కొట్టువాడూ ఒకటే. నేను చెప్పేదేంటంటే, పరీక్షకి వెళ్ళినప్పుడు వీక్ రాయండి, టీ కొట్టుకి వెళ్ళినప్పుడు లైట్ అనండి. రెండూ ఒప్పే.

మన భాషలో ఇదే విషయం ఇంకా బాగా కనిపిస్తుంది. అన్నకి ఆపోజిట్ ఎవరు? (తమ్ముడు! అక్క! చెల్లి!) గొడవ వచ్చేసిందా! వయసు వీధిలో చూస్తే తమ్ముడు. ఆడామగా వీధిలో చూస్తే అక్క. రెండు వీధులూ ఒకేసారి దాటేస్తే చెల్లి, అది ఎదురిల్లు కాదు, ఐమూలగా ఉన్న ఇల్లు. ఇంగ్లీషువాడికి ఈ బాధ లేదు, బ్రదర్ అంటే సిస్టర్, అయిపోయింది. వాడి మాటకి వయసు వీధి లేదు. అందుకే మనవాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుతూ ఎల్డర్ బ్రదర్, యంగర్ బ్రదర్ అని ఆ వీధిని మనతో పాటు మోసుకెళ్తారు.

ఇప్పుడు వీధి వెడల్పు సంగతి. కొన్ని వీధులు బీచ్ రోడ్డంత వెడల్పు. హాట్, కోల్డ్ మధ్యలో వార్మ్ ఉంది, కూల్ ఉంది, గోరువెచ్చ ఉంది. అందుకని నాట్ హాట్ అంటే కోల్డ్ అని కాదు. కాఫీ వేడిగా లేదు అంటే చల్లారిపోయిందని కాదు కదా. కొన్ని వీధులకి వెడల్పే లేదు, మధ్యలో ఒకటే గోడ. అలైవ్, డెడ్. పాస్, ఫెయిల్. అక్కడ ఇటు కాకపోతే అటే, మధ్యలో నిలబడటానికి చోటు లేదు. మనవాళ్ళు చచ్చి బతికాడు అంటారు గానీ అది ఆస్పత్రి బిల్లు చూశాక అనే మాట.

ఆ వెడల్పు వీధుల్లో ఒక పక్షపాతం కూడా ఉంది, గమనించారో లేదో. హౌ ఓల్డ్ ఆర్ యూ అంటాం, ఊయల్లో పాపాయిని చూసి కూడా హౌ ఓల్డ్ అనే అడుగుతాం, హౌ యంగ్ అనం. హౌ టాల్, హౌ డీప్, హౌ ఫార్. మనమూ అంతే. భీమిలి ఎంత దూరం అంటాం, ఎంత దగ్గర అనం. బావి ఎంత లోతు అంటాం. ఆ వీధికే ఒక వరస ఇళ్ళ పేరు పెట్టేశారన్నమాట, దూరం అనేది కొలత పేరూ అదే, ఒక కొస పేరూ అదే. హౌ షార్ట్ ఈజ్ హి అని అడిగామనుకోండి, పొట్టివాడని ముందే తేల్చేసి ఎగతాళికి అడిగినట్టుంటుంది.

సరే, ఇప్పుడు మీకు బాగా పనికొచ్చేది. అన్, ఇన్, డిస్ అని మాటల ముందు తగిలించేవి. ఇక్కడ నాకొక సంతోషం ఉంది, చెప్తాను. మనకి అర్హతకి వ్యతిరేకం అనర్హత. సత్యానికి అసత్యం. అచ్చు ముందు అన్, హల్లు ముందు అ. గ్రీకులోనూ సరిగ్గా ఇదే పద్ధతి. దేవుణ్ణి నమ్మనివాడు ఎథీస్ట్, అక్కడ మొదట్లో ఉన్నది ఉత్త అ. రక్తం తక్కువైతే అనీమియా, అక్కడ అన్. లాటిన్‌లో అదే ఇన్ అయింది, ఇంగ్లీషులో అదే అన్ అయింది. ఈ నాలుగూ వేల ఏళ్ళ కిందటి ఒకే మూలం నుంచి వచ్చినవి. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన అనర్హతా, ఇంగ్లీషు అన్‌ఫిట్టూ దూరపు చుట్టాలు. అంతేకాదు, ఇన్ అనేది ప ముందు ఇమ్ అవుతుంది, ఇంపాసిబుల్. ల ముందు ఇల్ అవుతుంది, ఇల్లీగల్. ర ముందు ఇర్, ఇర్రెగ్యులర్. మన సంధుల్లాగే, పక్క అక్షరం ఎలా ఉంటే అలా మారిపోతుంది. దీనికి బట్టీ అక్కర్లేదు, నోరే చెప్తుంది. ఇన్‌పాసిబుల్ అని పది సార్లు గబగబా అని చూడండి, పదకొండోసారికి ఇంపాసిబుల్ అయిపోతుంది.

అచ్చ తెలుగుది మాత్రం వేరే దారి. వస్తాడు, రాడు. తెలిసిన, తెలియని. వ్యతిరేకం ముందు తగిలించం, క్రియ పొట్టలోనే పెట్టేస్తాం. హి విల్ నాట్ కమ్ అని ఇంగ్లీషువాడు నాలుగు మాటలు ఖర్చు పెట్టే చోట మనం రాడు అని రెండక్షరాలతో సరిపెడతాం.

ఇంగ్లీషులో ఏ మాటకి అన్, ఏ మాటకి ఇన్ అనే దానికి కొంత సూత్రం ఉంది. పాత ఇంగ్లీషు మాటలకి అన్, లాటిన్ నుంచి వచ్చిన వాటికి ఎక్కువగా ఇన్. కానీ అన్‌ఏబుల్ అంటారు, ఇనెబిలిటీ అంటారు. అన్‌ఈక్వల్ అంటారు, ఇనీక్వాలిటీ అంటారు. అన్‌జస్ట్, ఇంజస్టిస్. ఇదేం న్యాయం సార్ అని నన్నడక్కండి, అన్యాయం అనే మాటకే వాళ్ళు ఇలా అన్యాయం చేశారు.

ఇక్కడే గోతులున్నాయి. నేను పడిన గొయ్యి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్త. మా హెడ్మాస్టారు రిటైరవుతున్నారు. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మాస్టారివి కదా, సన్మానపత్రం నువ్వే రాయి బాబూ అన్నారు. నేను డిక్షనరీ ముందు పెట్టుకుని రాత్రంతా కూర్చుని రాశాను. ప్రైస్‌లెస్ అంటే వెలకట్టలేనిది అని తెలుసు. ప్రైస్ అన్నా వాల్యూ అన్నా ఒకటే కదా, కొంచెం కొత్తగా ఉంటుందని, మీ వాల్యూలెస్ గైడెన్స్‌కి మేమంతా రుణపడి ఉంటాం అని రాశాను. అచ్చు వేయించారు, ఫ్రేము కట్టించారు, ఒకాయన మైకులో గంభీరంగా చదివారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికీ తెలీలేదు. సభ అయ్యాక హెడ్మాస్టారు నా భుజం మీద చెయ్యేసి, మెల్లగా, అంత నిజం అందరి ముందూ చెప్పాలేంటయ్యా అన్నారు. నాకు అర్థమవడానికి ఇంటికెళ్ళి డిక్షనరీ తెరవాల్సొచ్చింది. వాల్యూలెస్ అంటే దేనికీ పనికిరానిది. ప్రైస్‌లెస్, ఇన్‌వాల్యుబుల్ అంటే వెలకట్టలేనంత గొప్పది. వాల్యుబుల్‌కి ఇన్‌వాల్యుబుల్ ఆపోజిట్ కాదు, అదే వరసలో ఇంకా పెద్ద మేడ. ఆ ఫ్రేము ఇప్పటికీ ఎవరింట్లోనో ఉండే ఉంటుంది.

రెండో గొయ్యి మీరు రోజూ చూస్తారు. మల్కాపురం వైపు, సింధియా వైపు వెళ్తుంటే ఆయిల్ ట్యాంకర్లు కనిపిస్తాయి. వెనకాల పెద్దక్షరాలతో ఏం రాసుంటుంది? (హైలీ ఇన్‌ఫ్లేమబుల్.) అంటే? మంట అంటుకోదనా? పిల్లలు చాలామంది అలాగే అనుకుంటారు. ఫ్లేమబుల్ అంటే మండేది కాబట్టి ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది అని. రెండూ ఒకటే, మండేదే! ఈ ఇన్ వ్యతిరేకం చెప్పే ఇన్ కాదు, లోపల అని చెప్పే ఇంకో ఇన్, ఇన్‌ఫ్లేమ్ అనే మాటలోంచి వచ్చింది. పేరొకటే, మనిషి వేరు. 1920లలో అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ చూసే సంఘంవాళ్ళు, ఇది ప్రాణాల మీదకొచ్చే గందరగోళం, ఆ ఇన్ తీసేసి ఫ్లేమబుల్ అనే రాయండి అని గట్టిగా పట్టుబట్టారు. మనదగ్గర ట్యాంకర్లు ఇంకా పాత మాటే మోస్తున్నాయి. మండనిదానికి నాన్‌ఫ్లేమబుల్ అని రాయాలి.

ప్రాణాల మీదకొస్తేనే భాష సర్దుకుంటుంది అనడానికి ఇంకో కథ ఉంది, ఇది మన నేవీ ఊరికి తగిన కథ. ఓడలో కుడి ఎడమ అని అనరు, ఎందుకంటే మీరు ముందుకి తిరిగితే ఒకటి, వెనక్కి తిరిగితే ఇంకొకటి అవుతుంది. ఓడ ముందుకి చూస్తే కుడిపక్క స్టార్‌బోర్డ్. పూర్వం చుక్కాని పలక కుడిపక్కన ఉండేది, స్టీర్ చేసే బోర్డు కాబట్టి ఆ పేరు. ఎడమపక్కని ఏమనేవారో తెలుసా? లార్‌బోర్డ్. స్టార్‌బోర్డ్, లార్‌బోర్డ్! తుఫాను గాలిలో కెప్టెన్ అరిస్తే ఏది వినపడుతుంది? ఉత్త ఆర్‌బోర్డ్. అటు తిప్పమంటే ఇటు తిప్పుతారు. అందుకని 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్ అనే మాట మానేసి పోర్ట్ అనండి అని ఆర్డరు వేసింది. చుక్కాని కుడిపక్కన ఉంటే రేవుకి ఎడమపక్క ఆనించి ఆపుతారు కదా, అందుకని పోర్ట్. రాత్రిపూట ఆర్కే బీచ్‌లో కూర్చుని దూరంగా ఓడల్ని చూడండి, ఎరుపు లైటు కనిపిస్తే అది పోర్ట్ పక్క, ఆకుపచ్చయితే స్టార్‌బోర్డ్ పక్క.

అంటే ఎదురిళ్ళకి ఒకేలాంటి పేర్లు పెట్టకూడదు, ఉత్తరాలు మారిపోతాయి. డాక్టర్లు ఇప్పటికీ హైపర్, హైపో అని రాస్తారు. హైపర్‌టెన్షన్ అంటే బీపీ ఎక్కువ, హైపోటెన్షన్ అంటే తక్కువ. చీటీ మీద ఆ చేతిరాతలో ర్ ఉందో లేదో ఎవరికి కనిపిస్తుంది? మన జనం తెలివైనవాళ్ళు, ఆ గొడవే పెట్టుకోలేదు. హై బీపీ, లో బీపీ. షుగర్ పెరిగింది, షుగర్ డౌనయింది.

ఇంకొన్ని మాటలున్నాయి, అవి తమకి తామే ఎదురిళ్ళు. మీ నాన్నగారు బ్యాంకు నుంచి వచ్చి లోన్ శాంక్షన్ అయింది అంటే ఇంట్లో పాయసం వండుతారు. అదే రోజు ఇంగ్లీషు పేపర్లో రష్యా మీద శాంక్షన్స్ అని ఉంటుంది, అక్కడ ఎవరూ పాయసం వండరు. ఒకచోట అనుమతి, ఒకచోట శిక్ష. ఓవర్‌సైట్ అంటే పర్యవేక్షణ, ఓవర్‌సైట్ అంటే చూసుకోక జరిగిన పొరపాటు. పర్యవేక్షణ కమిటీ వేసేదీ దానికే, ఆ కమిటీ చేసేదీ అదే. డస్ట్ అంటే దుమ్ము దులపడం, కేకు మీద పంచదార పొడి డస్ట్ చెయ్యడం అంటే చల్లడం. అలారం వెంట్ ఆఫ్ అంటే ఆగిపోయిందని కాదు, మోగిందని. దీన్ని తప్పు రాసిన పిల్లలెంతమందో నా సర్వీసులో.

ఇంగ్లీషుకి తిక్క అని నవ్వకండి. మన వంటింట్లో బియ్యం అయిపోతే ఏమంటారు? అమ్మలు చెప్పండి. (నిండుకున్నాయి.) నిండుకున్నాయి! డబ్బా ఖాళీ అయితే నిండుకుంది అంటాం. దీపం ఆరిపోతే కొండెక్కింది అంటాం. ఇంట్లోంచి వెళ్ళిపోతూ వెళ్తాను అనం, వెళ్ళొస్తాను అంటాం. ఒక్క మాటలో పోవడం, రావడం రెండూ. చెడు మాట నోట పలకడానికి మనసొప్పక ఎదురింటి పేరు అరువు తెచ్చుకున్నాం. ఇంగ్లీషువాడికి ఇది చెప్పి చూడండి, ద రైస్ ఈజ్ ఫుల్ అంటే కొనక్కర్లేదనుకుని కూర్చుంటాడు.

అరువు అన్నాను కాబట్టి, బారో, లెండ్ సంగతి. ఇవి ఇంకో రకం. ఒకే పనిని అటునుంచి ఒకళ్ళు, ఇటునుంచి ఒకళ్ళు చూడటం. బై, సెల్ అంతే. టీచ్, లెర్న్ అంతే, మన నేర్పు, నేర్చు చూడండి, ఒక్క అక్షరం తేడా. మనకి అప్పు ఒకటే మాట, ఇచ్చాడు అని చేరిస్తే ఒకటి, తీసుకున్నాడు అని చేరిస్తే ఒకటి. అందుకే మన పిల్లలు బారో మీ యువర్ పెన్ అంటారు. నాకు పెన్ను అరువు తీసుకో అన్నట్టుంటుంది. లెండ్ మీ అనాలి.

ఎటునుంచి చూస్తున్నాం అన్నదానికి మన స్టేషన్ కంటే మంచి ఉదాహరణ లేదు. విజయవాడ వైపు నుంచి వచ్చి భువనేశ్వర్ వైపు వెళ్ళే రైలు విశాఖ స్టేషన్లోకి వస్తే ఏమవుతుంది? ఇంజను ముందునుంచి తీసి వెనక తగిలిస్తారు. అప్పటిదాకా ఫ్రంట్ బోగీలో ఉన్నామని గర్వపడ్డవాళ్ళు కూర్చున్నచోటే కూర్చుని లాస్ట్ బోగీ అయిపోతారు. ఫ్రంట్, బ్యాక్ అనేవి బోగీలో లేవు, ఇంజను ఎటుందో దాన్లో ఉన్నాయి. బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ ఉంది కదా, 2002 నుంచి మ్యూజియంగా పెట్టారు, అక్కడికి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు డైవ్‌కి ఆపోజిట్ అడగండి. అప్ అంటారు, జంప్ అంటారు. సబ్‌మెరైన్ వీధిలో డైవ్‌కి ఎదురు సర్ఫేస్. నీళ్ళ పైకి తేలడం.

ఇక మీరడగండి. చెప్పు బాబూ. (సార్, ఆప్షన్లలో రెండు ఆపోజిట్లలా కనిపిస్తే ఏది పెట్టాలి?) మంచి ప్రశ్న. వాక్యం ఇస్తే, అడిగిన మాట తీసేసి నీ ఆప్షన్ అక్కడ పెట్టి చదువు. లైట్ రెయిన్ అని ఇచ్చి డార్క్, హెవీ రెండూ ఆప్షన్లలో పెడతాడు. డార్క్ రెయిన్ అంటే నీ చెవికే తేడా తెలుస్తుంది. వాక్యం ఇవ్వకుండా ఉత్త మాటిస్తే, ఆ మాటకి మొదట తోచే అర్థం చూసుకో, అదే తరగతి మాట వెతుకు. విశేషణానికి విశేషణం, క్రియకి క్రియ. బ్యూటీకి అగ్లీ పెట్టకూడదు, అగ్లీనెస్ పెట్టాలి. నూటికి తొంభై మంది అక్కడే మార్కు పోగొట్టుకుంటారు... లెక్క నేనేం కట్టలేదు, మాటవరసకి అన్నాను.

అటు, వెనకాల సార్. (మా పాప అడిగింది, రెడ్‌కి ఆపోజిట్ ఏంటని. ఏం చెప్పాలి?) లేదని చెప్పండి. అన్నిటికీ ఎదురిల్లుండదు, కొన్నిటికి ఎదురుగా ఖాళీ స్థలం ఉంటుంది. టేబుల్‌కి లేదు, మంగళవారానికి లేదు. కాకపోతే సిగ్నల్ దగ్గర రెడ్‌కి గ్రీన్, ఇందాక చెప్పిన ఓడ లైట్లలోనూ గ్రీన్. లేని వీధిని కూడా మనుషులు అవసరమైతే వేసుకుంటారు. వెజ్‌కి నాన్‌వెజ్ అని మనవాళ్ళు వేసుకున్నట్టు.

నువ్వేనా అమ్మా ఆ పాపవి? ఇంకోటి అడుగుతావా, అడుగు. (సముద్రానికి?) ఓడలవాళ్ళకయితే నేల. రంగు చూసి ఆకాశం అనేవాళ్ళూ ఉన్నారు గానీ, అక్కడ రెండూ నీలమే కదా. ఎదురిల్లు ఏదంటావా, బీచ్ రోడ్డులో ఫ్లాట్లు అమ్మేవాళ్ళని అడుగు, సీ ఫేసింగ్ అని చెప్పి చదరపు అడుగుకి ఎంత ఎక్కువ తీసుకుంటున్నారో కూడా చెప్తారు. టీ వచ్చినట్టుంది, లేవండి, నాకు మాత్రం లైట్‌గా.